నాన్న రేడియో, అమ్మ చెయ్యి

మీ పుట్టింటి అటక మీద ఏమేం ఉన్నాయో గుర్తుందా? ఒక్కసారి కళ్ళు మూసుకుని ఆలోచించండి. పెళ్ళిళ్ళకి తప్ప దించని గంగాళం, గొలుసు తెగిన ఉయ్యాల బల్ల, ఊరగాయ జాడీలు, బొమ్మల కొలువు పెట్టె... వీటన్నిటి వెనకాల పాత దుప్పటి కప్పుకుని ఇంకో చెక్కపెట్టె కూడా ఉందేమో చూడండి. ముందువైపు బంగారు రంగు పోగులు కలిసిన గుడ్డ, దాని కింద ఊళ్ళ పేర్లు రాసిన గాజుపలక, రెండుమూడు గుండ్రటి నాబ్‌లు! ఉందా? ఉంటే మీరు అదృష్టవంతులే. కానీ ఒక్క మాట. ఈ పేజీ చదవడం పూర్తయ్యేదాకా దాన్ని దించి ప్లగ్గులో మాత్రం పెట్టకండి. ఎందుకంటారా? ఆ తప్పు మా ఇంట్లో జరిగింది కనక!

మా నాన్నగారి వాల్వు రేడియో అటక దిగడానికి కారణం వింటే మీరు నవ్వుతారు. కరోనా రోజుల్లో ఒక పుకారు ఊళ్ళమ్మట తిరిగింది. పాత రేడియోల్లో, పాత టీవీల్లో 'ఎర్ర పాదరసం' ఉంటుందనీ, అది కోట్లు పలుకుతుందనీ! తెనాలి నుంచి మా తమ్ముడు ఫోను చేశాడు.

"అక్కా, నాన్న రేడియో ఎవరో అడుగుతున్నారు. పాడైనా ఫరవాలేదట. లోపల గాజుబుడ్లలో ఎర్రగా ఉందో లేదో చూసి చెప్పమన్నారు."

వద్దురా అన్నా ఆగుతాడా? నేను గుంటూరు నుంచి వెళ్ళేసరికి పెట్టె దించి, వెనక అట్ట ఊడదీసి, టార్చిలైటు పట్టుకుని వెతుకుతున్నాడు. ఎరుపూ లేదు, పాదరసమూ లేదు. వాల్వు అంటే గాలి పూర్తిగా తీసేసిన గాజుబుడ్డి. పైభాగాన లోపలివైపు వెండిపూత లాంటి మెరుపు ఒకటి కనిపిస్తుంది. అది బేరియం అనే లోహం. లోపల మిగిలిపోయిన కాస్త గాలినీ పీల్చేయడానికి పెడతారు. ఎప్పుడైనా గాజు చిట్లి గాలి దూరిందా, ఆ వెండి మెరుపు పాలలా తెల్లబడిపోతుంది. అంతే సంగతి. ఇళ్ళలో వాడిన ఏ రేడియోలోనూ కోట్లు దాక్కుని లేవు. ఆ మాట నమ్మి ఎంతమంది మంచి రేడియోలు పగలగొట్టుకున్నారో!

"అయితే పాత సామాన్లవాడికి పడేద్దాం. అటకైనా ఖాళీ అవుతుంది" అన్నాడు తమ్ముడు చేతులు దులుపుకుంటూ.

అమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది. ఏమీ అనలేదు. కానీ ఆవిడ చూపు ఆ పెట్టె మీదే ఉంది. నేను మారుమాట్లాడకుండా దాన్ని కారెక్కించి, పసిపిల్లని పట్టుకున్నట్టు ఒళ్ళో పట్టుకుని గుంటూరు తీసుకొచ్చేశాను.

చెవి పిండే హక్కు

నాన్నగారు హైస్కూలు టీచరు. 1962లో ఆ రేడియో కొన్నారు. మూడు నెలల జీతం దానికే పోయిందని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. ఆ రోజుల్లో రేడియో కొంటే సరిపోదు. లైసెన్సు పుస్తకం తీసుకుని ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టి ముద్ర వేయించుకోవాలి. కట్టకుండా వింటే నేరం! హాల్లో ఆ గోడ నుంచి ఈ గోడకి రాగివల లాంటి ఏరియల్ పట్టీ, కిటికీలోంచి బయటికి పోయే ఎర్తు తీగ. ఆ తీగ చివర తులసికోట పక్కన పాతారు. అమ్మ రోజూ నీళ్ళు పోస్తుంది కనక అక్కడ నేల ఎప్పుడూ తడిగా ఉంటుందని నాన్నగారి లెక్క. అమ్మ తులసమ్మకి పోసిన నీళ్ళతోనే నాన్నగారికి వార్తలు స్పష్టంగా వినిపించేవన్నమాట!

విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. మేం పుట్టేనాటికే అది ప్రతి ఇంట్లోనూ ఒక మనిషి. పొద్దున్నే భక్తిరంజని వస్తే అమ్మ కాఫీ డికాక్షన్ వేసేది. తెలుగు వార్తలకి అన్నం వార్చేది. మా వంటింట్లో గడియారం ఉండేది కాదు, అవసరమూ ఉండేది కాదు.

అయితే ఆ రేడియో నాబ్ ముట్టుకునే హక్కు మాత్రం మా ఇంట్లో ఒక్క నాన్నగారిదే. ఆయన స్నానం చేసి, ఉత్తరీయం సర్దుకుని, దేవుడి గది తలుపు తీసినంత జాగ్రత్తగా స్విచ్ వేసేవారు. అర నిమిషానికి గాని మాట వచ్చేది కాదు. ఆ అర నిమిషం అందరం మౌనం. మా తమ్ముడికి పదేళ్ళు వచ్చాక "మగపిల్లాడు, నేర్చుకోనీ" అని వాడికి అనుమతి ఇచ్చారు. వాడికంటే మూడేళ్ళు పెద్దదాన్ని, నాకు ఇవ్వలేదు. ఇక అమ్మ సంగతి ఎవరూ ఆలోచించనే లేదు. అమ్మ కూడా!

ఒక్క ఆదివారం మాత్రం నాకు బాగా గుర్తుంది. నాకు పదేళ్ళు ఉంటాయేమో. అవి ఉషశ్రీగారి భారత ప్రవచనాలకి ఊరంతా చెవులప్పగించిన రోజులు. ఆదివారం మధ్యాహ్నం ఏ వీధిలో నడిచినా ఆ గొంతే. ఆ వేళ నాన్నగారు పనుండి గుంటూరు వెళ్ళారు, బస్సు ఆలస్యం. అమ్మ వంట ముగించి, చేతులు పమిటకి తుడుచుకుని రేడియో ముందుకొచ్చి నిలబడింది. పక్కింట్లో ప్రవచనం మొదలైంది, గోడ అవతలి నుంచి మాటలు ముక్కలు ముక్కలుగా వినిపిస్తున్నాయి.

"పెడదామా అమ్మా?" అన్నాను.

"వద్దులే. నాన్నగారొచ్చాక అడిగి పెట్టుకుందాం."

ఆయన వచ్చేసరికి ప్రవచనం అయిపోయింది. అమ్మ అన్నం వడ్డించింది. రేడియో మాట ఎత్తలేదు.

నాన్నగారు కఠినులేమీ కాదు సుమండీ! ఆ తరం మగవాళ్ళకి రేడియో అంటే భక్తీ భయమూ రెండూను. ఒక వాల్వు పోతే విజయవాడ వెళ్ళి తేవాలి, నెల బడ్జెట్టు తలకిందులవుతుంది. కానీ ఆ భయం ఆడవాళ్ళ చేతుల మీదే ఎందుకు పడిందో మాత్రం నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. ఆ తర్వాత చిన్న ట్రాన్సిస్టర్ వచ్చింది, ఆ పైన టీవీ. పెద్ద రేడియో ఒకరోజు మాట్లాడ్డం మానేసి అటకెక్కింది. 2009లో నాన్నగారూ వెళ్ళిపోయారు.

పూతరేకులు, చేట, చిన్న దీపం

ఇక మా ఇంటి ముచ్చట. రేడియో తెచ్చి బల్ల మీద పెట్టి, కాఫీ కలపడానికి వంటింట్లోకి వెళ్ళాను. మా వారికి ఉత్సాహం ఎక్కువ. "ఏమోయ్, పలుకుతుందేమో చూద్దాం" అంటూ ప్లగ్గు పెట్టేశారు. గుర్రుమని ఒక మోత, ఆ వెంటనే మైనం కాలిన వాసన! నేను పరుగెత్తుకొచ్చి ప్లగ్గు లాగాను కనక సరిపోయింది. లేకపోతే అందులోని ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి ఉండేది. అది కాలిపోతే దొరకదు, మళ్ళీ చుట్టించుకోవడం ఒక యజ్ఞం.

వారం రోజులు వాకబు చేస్తే ఒక పాత మెకానిక్ గారు దొరికారు. డెబ్భై అయిదు దాటాయి. దుకాణం ఎప్పుడో ఎత్తేశారు, ఇంటి వరండాలోనే ఒక బల్ల. నేను ఆయన్ని బాబాయిగారూ అని పిలవడం మొదలుపెట్టాను. వాసన సంగతి చెప్పగానే తలపట్టుకున్నారు.

"ముప్ఫై నలభై ఏళ్ళు పడుకున్నవాణ్ణి లేపి పరుగు పందెంలో నిలబెడతారా అమ్మా?"

ఆయన ఆ పెట్టెను బోర్లించి లోపలి భాగం చూపించినప్పుడు నాకు మన వంటిల్లే గుర్తొచ్చింది. నవ్వకండి, చెబుతాను వినండి. చాలామంది రేడియో మూగబోతే వాల్వులు పోయాయనుకుంటారు. నిజానికి ఎక్కువసార్లు పోయేవి కండెన్సర్లు. పాత కండెన్సరంటే ఏమిటనుకున్నారు? పల్చటి కాగితం, పల్చటి లోహపు రేకు పొరలు పొరలుగా వేసి పూతరేకులా చుట్టి, మైనంలో ముంచుతారు. ఏళ్ళు గడిచేకొద్దీ మైనం పగిలి తేమ లోపలికి దూరుతుంది. వానాకాలంలో డబ్బా మూత సరిగా పెట్టకపోతే అప్పడాలు ఏమవుతాయి? అదే అవుతుంది! ఆపాల్సిన కరెంటుని ఆపలేక కారనిస్తాయి. ఇంకో రకం పెద్ద కండెన్సర్లు ఉంటాయి, అల్యూమినియం డబ్బాల్లో. వాటిలో తడి పదార్థం ఉంటుంది. అది గిన్నెలో మర్చిపోయిన పచ్చడిలా ఎండిపోతుంది. గుర్రుమనే మోత దానివల్లే.

అన్నిట్లోకీ ప్రమాదకరమైంది ఒకటుంది. స్పీకరుకి బలం ఇచ్చే వాల్వుకి ముందు ఉండే చిన్న కండెన్సరు. అది కారిందంటే ఆ వాల్వు అతిగా వేడెక్కి, తనూ పోయి, పక్కనున్న ట్రాన్స్‌ఫార్మర్‌నీ తీసుకుపోతుంది. అందుకే అది బాగున్నట్టు కనబడినా సరే, ముందు దాన్ని మార్చాకే కరెంటు ఇవ్వాలంటారు బాబాయిగారు. కొత్త కండెన్సర్ల ఖరీదు ఎంతో కాదు. అన్నీ కలిపి ఒక మంచి కాటన్ జాకెట్టు కుట్టుకూలి అంత!

వాల్వుల పేర్లు చదవడం కూడా ఆయనే నేర్పారు. మాదాంట్లో ఆరు. ఇ.సి.హెచ్.81, ఇ.ఎఫ్.89, ఇ.బి.సి.81, ఇ.ఎల్.84, ఇ.జడ్.80, ఇ.ఎం.80. చూడ్డానికి బస్సు నంబర్లలా ఉన్నాయి కానీ ఇవి గోత్రనామాలండీ. మొదటి 'ఇ' అంటే లోపలి తీగ ఎర్రబడడానికి 6.3 వోల్టులు చాలు అని. 'ఎల్' అంటే స్పీకరుని కదిలించే బలమైన వాల్వు. 'జడ్' అంటే ఏ.సి. కరెంటుని డి.సి.గా మార్చేది. 'ఎం' అంటే స్టేషను సరిగా పట్టిందో లేదో చూపించే ఆకుపచ్చ కన్ను. ఎనభైల్లో ఉన్న అంకెలన్నీ అడుగున తొమ్మిది కాళ్ళున్న వాల్వులకి.

పని ఎలా జరుగుతుందో కూడా చెప్పమన్నాను. ఏ ఊరి తరంగం వచ్చినా మొదటి వాల్వు దాన్ని ఒకే కొలతకి, అంటే సుమారు 455 కిలోహెర్ట్జ్‌కి మారుస్తుంది. రెండోది దాన్ని పెంచుతుంది. మూడోది చేటతో చెరిగినట్టు తరంగాన్ని పొట్టులా వదిలేసి పాటను మాత్రం గింజల్లా మిగులుస్తుంది. నాలుగోది ఆ పాటకి గొంతు ఇస్తుంది. ఇంతకంటే నాకు అర్థం కాలేదు, ఇంతకంటే మీకూ అక్కర్లేదు.

అన్నీ మార్చాక కూడా ఆయన నేరుగా ప్లగ్గులో పెట్టలేదు. రేడియోకి వరసలో ఒక 60 వాట్ల బల్బు కలిపారు. దీన్ని సిరీస్ బల్బు అంటారు. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు భగ్గున వెలిగి ఊరుకుంటుంది, రేడియోకి ఏమీ కాదు. బాగుంటే ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. ఇది పాతకాలపు తీగ బల్బే అయ్యుండాలి, ఎల్‌.ఇ.డి. పనికిరాదు. ఆ బల్బు కోసం నేను మూడు దుకాణాలు తిరిగి, చివరికి మా స్టోరురూములో దీపావళి సామాన్ల పెట్టెలోనే సంపాదించాను! అది మెరిసింది, మసకబారింది. వాల్వుల్లో ఒక్కొక్కటిగా తులసికోట దీపమంత వెలుగు వచ్చింది. అప్పుడు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయంటే నమ్మండి.

అరనిమిషంలో విజయవాడ మాయం

లోపలి పని బాబాయిగారిది, బయటి పని నాది అని పంచుకున్నాం. పెట్టె, గుడ్డ, గాజుపలక, నాబ్‌లు నాకిచ్చారు. ఇల్లు శుభ్రం చేయడంలో మనల్ని మించినవాళ్ళెవరన్న ధీమా నాది!

చెక్కపెట్టెను మెత్తటి కుంచెతో దులిపి, పురుగు తొలిచిన బెజ్జాల్లో మందు వేసి, గోళ్ళతో గీసిన గీతల్ని అలాగే వదిలి, లక్క పాలిష్ ఒక్క పొర వేయించాను. ముందరి గుడ్డను ఉతకబోయాను గాని ఎందుకో ఆగాను. మంచిపని చేశాను. అరవై ఏళ్ళనాటి గుడ్డ నీళ్ళు తగిలితే ముడుచుకుపోయి మళ్ళీ చట్రానికి అందదట. బ్రష్షుతో దుమ్ము లాగేస్తే చాలు. స్పీకరు కాగితాన్ని ఎలుక ఒక మూల కొరికింది. పల్చటి టిష్యూ కాగితానికి నీళ్ళు కలిపిన తెల్ల జిగురు రాసి నేనే అతికించాను. ముల్లును కదిపే దారం తెగిపోతే, కప్పీల చుట్టూ తిప్పి, ఇరుసు మీద మూడు చుట్లు వేసి బిగించడం బాబాయిగారి చేతి వణుకుకి కుదరలేదు. నలభై ఏళ్ళు క్రోషియా అల్లిన చెయ్యి నాది, రెండోసారికే కుదిరింది. "ఇన్నాళ్ళూ ఈ పనికి ఆడపిల్లల్ని ఎందుకు పెట్టుకోలేదో మేం!" అన్నారాయన.

ఆ మాటతో గాలిలో తేలుతూ ఇంటికొచ్చి గాజుపలక తుడవడం మొదలుపెట్టాను. సబ్బునీళ్ళు, మెత్తటి బట్ట. ముందువైపు తళతళలాడింది. వెనక్కి తిప్పి అటువైపూ ఒక్క తుడుపు తుడిచాను. బట్ట మీద పసుపు, తెలుపు రంగు అంటుకుంది. ఏమిటా అని పలక వెలుగులోకి ఎత్తి చూస్తే ఏముంది? మీడియం వేవ్ వరసలో ఒక మూల ఖాళీ! అందులోనే విజయవాడ. నాన్నగారు అరవై ఏళ్ళ కిందట మూడు నెలల జీతం పోసి తెచ్చిన ఊరు, అరనిమిషంలో తుడిచేశాను.

అక్షరాలు గాజుకి వెనకవైపు ముద్రిస్తారు. అందుకే ముందువైపు ఎంత తుడిచినా ఫరవాలేదు, వెనకవైపు నీళ్ళు కాదు కదా, తడి వేలు కూడా తగలకూడదు. ఈకతో దులపడం తప్ప ఇంకేమీ చెయ్యకూడదు. ఈ సంగతి నాకు చెప్పడం బాబాయిగారు మర్చిపోయారు, అడగడం నేను మర్చిపోయాను. ఆ రాత్రి భోజనం సహించలేదు. మా వారు ఓదార్చబోయి "పోనీలెద్దూ, నేను ప్లగ్గు పెట్టాను, నువ్వు గాజు తుడిచావు. సరికి సరి" అన్నారు!

అక్షరాలు కొత్తగా అచ్చువేయించి అతికించవచ్చని బాబాయిగారు చెప్పారు. రేడియోలు సేకరించేవాళ్ళలో రెండు మతాలున్నాయట. ఒక మతంవాళ్ళు దుకాణంలోంచి ఆ క్షణమే తెచ్చినట్టు తయారు చేస్తారు. పాత కండెన్సర్ల డొల్లలు కూడా పారేయకుండా, లోపల కొత్తవి దూర్చి మళ్ళీ మైనం పోసి, వెనక అట్ట తీసినా కొత్త ముక్క కనబడకుండా చూస్తారు. రెండో మతంవాళ్ళు పలకడానికి ఎంత అవసరమో అంతే చేసి, మిగతాది కాలం ఎలా ఉంచితే అలా ఉంచుతారు. నేను ఆలోచించి రెండో మతం పుచ్చుకున్నాను. ఆ ఖాళీని ఖాళీగానే వదిలేశాను. అది కూడా ఆ రేడియో కథలో భాగమే కదా! అయినా అమ్మకి ఏం చెప్పాలా అన్న బెంగ మాత్రం పోలేదు.

కొనేముందు ఇవి చూడండి

ఒక్క రేడియోతో ఆగుతామా? చీరల సంగతి మీకు తెలియంది కాదు. ఇప్పుడు మా ఇంట్లో నాలుగున్నాయి. హైదరాబాదు వెళ్ళినప్పుడల్లా ఎర్రగడ్డ ఆదివారం సంతలో ఒక చుట్టు చుట్టి రావడం అలవాటైపోయింది. మీకూ ఆ సరదా పుడితే నాలుగు మాటలు గుర్తుపెట్టుకోండి.

మెరుపు చూసి కొనకండి. గాజుపలక, నాబ్‌లు, వెనక అట్ట అసలువే ఉన్నాయా అన్నది చూడండి. కండెన్సర్లు కొత్తవి వస్తాయి, ఇవి రావు. వాల్వులన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టండి, పైన వెండి మెరుపు ఉందో, తెల్లబడిందో చూడండి. వెనక నుంచి వాసన చూడండి. ఘాటైన మాడు వాసన వస్తే ట్రాన్స్‌ఫార్మరు మీద అనుమానపడండి. ఆకుపచ్చ కన్ను వెలుగు తగ్గిపోయి ఉంటుంది చాలా వాటిలో. దాని వెలుగు మళ్ళీ రాదు, కొత్తది దొరకడం కష్టం, దొరికినా ఖరీదు.

అన్నిటికంటే ముఖ్యం ప్రాణం. కొన్ని వాల్వు రేడియోలు ఏ.సి., డి.సి. రెంటిమీదా పనిచేసేలా చేసేవారు. ఆ రోజుల్లో కొన్ని ఊళ్ళలో డి.సి. కరెంటు ఉండేది మరి. వాటి వాల్వుల పేర్లు ఎక్కువగా 'యు' అక్షరంతో మొదలవుతాయి. పెద్ద ట్రాన్స్‌ఫార్మరు ఉండదు కనక పెట్టె తేలిగ్గా ఉంటుంది. అలాంటి వాటి లోపలి రేకు కరెంటు తీగకే నేరుగా కలిసి ఉంటుంది, ముట్టుకుంటే షాకు. నాబ్ ఊడిన ఇరుసు పట్టుకున్నా ప్రమాదమే. ట్రాన్స్‌ఫార్మరు ఉన్న వాటిలోనూ 250 వోల్టుల దాకా ఉంటుంది. ప్లగ్గు తీసేశాక కూడా పెద్ద కండెన్సర్లలో కొంతసేపు నిలవుంటుంది. కాబట్టి పెట్టె పాలిష్, దుమ్ము దులపడం మనం, లోపలి పని తెలిసినవాళ్ళు. ఇందులో మొహమాటం వద్దు.

ఇంకో సంగతి. ఈ రేడియోలకి వినడానికి స్టేషన్లు కూడా తగ్గిపోతున్నాయి. జర్మనీ జాతీయ రేడియో 2015 చివర్లో మీడియం వేవ్ ప్రసారాలు ఆపేసింది. మరికొన్ని దేశాలూ అదే దారి పట్టాయి. అందుకే ఈ పని రేపు చేయిద్దాంలే అనుకునేది కాదు. పెద్దవాళ్ళు ఉండగానే, వాళ్ళకి తెలిసిన గొంతు గాలిలో ఉండగానే చేయించాలి.

అవతల ఏముందో

2022 సంక్రాంతికి అమ్మని మా ఇంటికి తీసుకొచ్చాను. రేడియో సంగతి ముందుగా చెప్పలేదు. భోగి తెల్లవారుజామున మంటకి వెళ్ళి వచ్చి, తలంట్లు పోసుకున్నాక హాల్లోకి రమ్మన్నాను. రేడియో చూసి అమ్మ అక్కడే ఆగిపోయింది. పెట్టె మీద చెయ్యి వేయలేదు. చేతులు పమిటకి తుడుచుకుంటూ నిలబడింది. పదేళ్ళప్పుడు నేను చూసిన అమ్మే!

స్విచ్ వేశాను. అర నిమిషం మౌనం. సన్నటి మోత. ఆకుపచ్చ కన్ను విచ్చుకుంది. కానీ ఒకటే గరగర! ఎల్‌.ఇ.డి. బల్బులు, ఫోను చార్జర్లు, ఇన్వర్టరు, అన్నీ మీడియం వేవ్‌కి శత్రువులే. మా వారు ఇల్లంతా తిరిగి ఒక్కొక్కటీ ఆర్పుకుంటూ వచ్చారు. చివరి బల్బు ఆరేసరికి చీకట్లో ఆ ఆకుపచ్చ వెలుగు, గాజుపలక వెనక పసుపు వెలుగు, మేం ముగ్గురం.

"తిప్పు అమ్మా" అన్నాను.

"నేనా? వద్దులేవే, ఏమన్నా అయితే..."

"ఏమీ కాదు. అయితే బాగుచేసే ఆయన ఉన్నారు."

అప్పుడు చెప్పేశాను, గాజు తుడిచిన సంగతి. "విజయవాడ ఎక్కడుందో రాసిలేదమ్మా. నేనే పోగొట్టాను. వెతుక్కోవాలి."

అమ్మ నాబ్ మీద చెయ్యి వేసింది. అరవై ఏళ్ళకి! మొదట మరీ గట్టిగా పట్టుకుంది, తర్వాత వదులు చేసింది. ముల్లు మెల్లగా కదిలింది. అరవం మాటలు వచ్చాయి. కాస్త కదిపితే హైదరాబాదు. ఆ పైన గరగర, ఒక ఈల, మళ్ళీ గరగర. అక్కడ అమ్మ తిప్పడం తగ్గించి, గింజల్లో రాయి ఏరినట్టు ఇటూ అటూ కదిపి ఆపేసింది. భక్తిపాట! కాసేపటికి విజయవాడ కేంద్రం అని చెప్పారు కూడా.

"ఎలా తెలిసిందమ్మా?"

"వంటింట్లోంచి ఇన్నేళ్ళు విన్నదాన్ని. ముందు అరవం, దాని పక్కన హైదరాబాదు, ఈల దాటాక మనది. నాకా ఇంగ్లీషు అక్షరాలు ఎప్పుడొచ్చాయి గనక, పోయాయని బాధపడ్డానికి?"

నా బెంగ అక్కడితో తీరింది. పాట అయ్యేదాకా అమ్మ కళ్ళు మూసుకుని వింది. ఇంక తిప్పదనుకున్నాను. కానీ చెయ్యి నాబ్ మీదనుంచి తియ్యలేదు.

"మీ నాన్నగారు ఎప్పుడూ ఇక్కడే ఆపేసేవారే. అవతల ఏముందో నాకు తెలీదు" అంటూ ఇంకా ముందుకు తిప్పింది.

విశాఖపట్నం వచ్చింది. తర్వాత ఏదో తెలియని భాష, పల్చగా, వస్తూ పోతూ. ఆ తర్వాత ఒట్టి గాలి చప్పుడు. ముల్లు గాజుపలక చివరికంటా వెళ్ళి ఆగింది.

"ఏమీ లేదమ్మా అక్కడ" అన్నారు మా వారు నవ్వుతూ.

"లేదని నాకు తెలియాలిగా నాయనా!" అని అమ్మ మళ్ళీ మొదట్నుంచి తిప్పడం మొదలుపెట్టింది. ఆ పూట మా ఇంట్లో ఉప్మా పదిగంటలకి గాని అవలేదు.

అంచేత, మీ అటక మీద ఆ పెట్టె ఉంటే దించండి. ప్లగ్గు దగ్గరికి తీసుకెళ్ళకండి, గాజుకి వెనకవైపు తుడవకండి, ఎర్ర పాదరసం మాట ఎవరెత్తినా గుమ్మంలోంచే పంపించేయండి. తెలిసినవాళ్ళకి చూపించి బాగుచేయించండి. అది మళ్ళీ పలికిన రోజున నాబ్ మీరు తిప్పేయకండి. ఇన్నాళ్ళూ దాన్ని దూరం నుంచి విన్నవాళ్ళు మీ ఇంట్లో ఎవరున్నారో ఒకసారి చుట్టూ చూడండి.